బడి ఫోన్ పెట్టెకు ఎంత ప్రాసెసర్ కావాలి?

ఇంటర్నెట్ ఫోన్లు పెట్టించుకుందామని బడి కమిటీ అనుకుందంటే చాలు, కొటేషన్లు వచ్చి పడతాయి. ఒకరు నాలుగు కోర్ల ప్రాసెసర్ అంటారు. ఇంకొకరు ఎనిమిది కోర్లు ఉండాల్సిందే అంటారు. మూడో ఆయన ‘డీఎస్పీ కార్డు లేకపోతే గొంతు తెగిపోతుంది సార్’ అని భయపెడతారు. ధరల్లో తేడా రెండింతలు, మూడింతలు ఉంటుంది. వీటిలో ఏది అవసరమో, ఏది అలంకారమో తేల్చుకునే దారి కమిటీలోని తల్లిదండ్రులకు గానీ, హెడ్‌మాస్టరుకు గానీ దొరకదు. చివరికి మధ్యరకం ధర ఉన్న కాగితం మీద సంతకం పడుతుంది.

నిజానికి ఇది ఏడో తరగతి లెక్కలతో తేలిపోయే విషయం. అడగాల్సిన ప్రశ్న ‘ప్రాసెసర్ వేగం ఎంత’ అన్నది కాదు. ‘ఒకే సమయంలో ఎన్ని కాల్స్‌లో ఈ పెట్టె గొంతును ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మార్చాల్సి వస్తుంది’ అన్నది. ఆ సంఖ్య సున్నా అయితే బజారులో దొరికే చవక పెట్టె చాలు. ఆ సంఖ్య ముప్పై అయితే ఆలోచించాలి.

మన బడులకు ఇది ఆఫీసు గదిలోని ఫోన్ల వ్యవహారం మాత్రమే కాదు. హోసూరులోనో, బరంపురంలోనో, సోలాపూర్‌లోనో ఒకే తెలుగు మాస్టారు రెండు మూడు బడులకు పాఠం చెప్పాల్సి వచ్చిందనుకోండి. మాస్టారికీ పిల్లలకూ మధ్య ఉండేది ఈ లైనే. చుట్టూ వేరే భాష వినే పిల్లలకు తెలుగు వినిపించే గంటలు ఎలాగూ తక్కువ. ఆ కాస్త సమయంలో వాళ్ల చెవికి ఎంత తెలుగు చేరుతుందన్నది పెట్టె లోపల ఏ కోడెక్ నడుస్తోందన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

గొంతు అంకెలుగా మారే తీరు

కోడెక్ అంటే గొంతును అంకెలుగా మార్చి పంపి, అవతల మళ్లీ గొంతుగా మార్చే పద్ధతి. వీటిలో పెద్దన్న జి.711. 1972 నాటిది. మన గొంతు అలను సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది. ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తుంది. గుణిస్తే సెకనుకు 64,000 బిట్లు, అంటే 64 కిలోబిట్లు. ఇందులో ప్రాసెసర్‌కు పనే లేదు. ఎక్కాల పుస్తకంలో చూసి జవాబు రాసినట్టు, ఒక పట్టికలో చూసి అంకె మార్చడమే. ఇందులో ఏ-లా, మ్యూ-లా అని రెండు రకాలున్నాయి. మన దేశపు టెలిఫోన్ నెట్‌వర్క్ వాడేది ఏ-లా. అమెరికా, జపాన్‌లు మ్యూ-లా వాడతాయి. పెట్టె అమెరికా సెట్టింగులతో వస్తే దాన్ని ఏ-లాకు మార్చమని చెప్పండి. మార్చకపోయినా పనిచేస్తుంది గానీ, ప్రతి కాల్‌లో అనవసరంగా ఓ చిన్న మార్పిడి జరుగుతుంటుంది.

ఇంటర్నెట్ లైన్లు సన్నగా ఉన్న రోజుల్లో 64 కిలోబిట్లు భారమయ్యాయి. అందుకే 1996లో జి.729 వచ్చింది. దీనికి 8 కిలోబిట్లు చాలు. ఎనిమిదో వంతు! ఇంత కుదింపు ఎలా సాధ్యమైందంటే, ఇది గొంతు అలను పంపదు, గొంతు వర్ణనను పంపుతుంది. పోలీసులు అనుమానితుడి ఊహాచిత్రం గీయించడం గుర్తు తెచ్చుకోండి. ఫొటో పంపే బదులు ‘ముక్కు నాలుగో నంబరు, కళ్లు పదిహేడో నంబరు, నుదురు తొమ్మిదో నంబరు’ అని చెబితే, అవతల అదే ఆల్బం ఉన్న చిత్రకారుడు ముఖం గీసేస్తాడు. జి.729 కూడా సెకనులో వందో వంతు సేపటి గొంతును, అంటే 80 కొలతలను తీసుకుని, నోరు ఏ ఆకారంలో ఉంది, కంఠం ఎలా కంపించింది అన్న వివరాలను నంబర్లుగా రాసి 10 బైట్లలో పంపుతుంది.

గీయడం తేలిక. సరిపోయే ముక్కును ఆల్బంలో వెతకడమే కష్టం. పంపే వైపు ప్రాసెసర్ ఎన్నో నమూనాలను ప్రయత్నించి, అసలు గొంతుతో పోల్చి, దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. అదీ సెకనుకు వంద సార్లు. అందుకే ఇలాంటి కోడెక్‌లలో విప్పడం కన్నా కుదించడానికి ఎన్నో రెట్లు ఎక్కువ పని పడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

క్రే నుంచి డీఎస్పీ దాకా

ఈ ‘ఆల్బం’ పద్ధతిని మన్‌ఫ్రెడ్ ష్రోడర్, బిష్ణు అటల్ అనే ఇద్దరు 1985లో లోకానికి చెప్పారు. అటల్ మన దేశస్థుడే. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివి, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేశారు. ఆనాడు వాళ్లు ప్రయోగం చేసింది క్రే-1 అనే సూపర్ కంప్యూటర్ మీద. ఒక్క సెకను గొంతును కుదించడానికి ఆ మహాయంత్రానికి రెండు నిమిషాలకు పైగా పట్టింది. మాట్లాడినంత సేపట్లోనే కుదించకపోతే ఫోన్‌కు పనికిరాదు కదా. ఆ దూరాన్ని సగం లెక్కల్లోని తెలివి తగ్గించింది, మిగతా సగం డీఎస్పీ అనే చిప్‌లు తగ్గించాయి.

డీఎస్పీ అంటే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1983లో టీఎంఎస్32010 అనే డీఎస్పీని మార్కెట్లోకి తెచ్చింది. ఆ సంస్థ 1985లో బెంగళూరులో పరిశోధన కేంద్రం పెట్టింది. విదేశీ సంస్థలు బెంగళూరుకు వరుస కట్టడానికి అది నాంది. ఆ కేంద్రానికి ఉపగ్రహ డిష్ ఎద్దుల బండి మీద వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

డీఎస్పీ గొప్పతనం మూడు విషయాల్లో ఉంది. ఒకటి, రెండు అంకెలను గుణించి, వచ్చినదాన్ని పాత మొత్తానికి కలిపే పనిని అది ఒక్క ఊపులో చేస్తుంది. గొంతు లెక్కలన్నీ అవే. గుణించు, కలుపు, మళ్లీ గుణించు, కలుపు. రెండు, ఆదేశాలకూ అంకెలకూ వేర్వేరు దారులు ఉంటాయి కాబట్టి ఒకటి వస్తుంటే ఇంకొకటి ఆగదు. మూడోది చిన్నదే గానీ నాకు బాగా నచ్చింది. పాత స్కూటర్ మీటరు 99999 దాటితే 00000కు తిరిగేది కదా. మామూలు ప్రాసెసర్‌లో లెక్క హద్దు దాటితే అదే జరుగుతుంది, చెవిలో ‘టప్’మని పేలినట్టు వినిపిస్తుంది. డీఎస్పీలో మీటరు 99999 దగ్గరే ఆగుతుంది. గొంతు కాస్త బొంగురుపోతుందేమో గానీ పేలదు.

ఒకే చిప్, మూడు సంఖ్యలు

ఇప్పుడు మూడో ఆయన చెప్పిన డీఎస్పీ కార్డు దగ్గరికి వద్దాం. ఒక్క కాల్‌కు జి.711 అయితే సెకనుకు పది లక్షల ఆదేశాలు కూడా అక్కర్లేదు. జి.729లో పని తగ్గించిన రకం ఒకటుంది, జి.729ఏ అంటారు. దానికి సుమారు కోటి ఆదేశాలు పడతాయి. అసలు జి.729కు సుమారు రెండు కోట్లు. ఈ తేడా కొటేషన్‌లో ఎలా కనిపిస్తుందో చూడటానికి సిస్కో రూటర్లలో వచ్చిన పీవీడీఎం2-16 అనే డీఎస్పీ కార్డు మంచి ఉదాహరణ. పేరులో 16 ఉంది. జి.711 అయితే 16 కాల్స్ మోస్తుంది. జి.729ఏ అయితే 8. అసలు జి.729 అయితే 6. కార్డు అదే, చిప్ అదే, సంఖ్యలు మూడు. ‘16 చానెళ్ల కార్డు’ అని రాసిన కాగితం చూసి 16 కాల్స్ వస్తాయనుకుంటే దెబ్బతింటాం. ఏ కోడెక్‌కు 16 అన్నది రాయించుకోవాలి.

అయితే ఇదంతా నిన్నటి మాట. నేటి మొబైళ్లలోనూ చిన్న బోర్డుల్లోనూ ఉండే ఆర్మ్ ప్రాసెసర్లు డీఎస్పీ విద్యలను ఎప్పుడో నేర్చేసుకున్నాయి. నియాన్ అనే సదుపాయం ఉన్న ఆర్మ్ చిప్ ఒక్క ఊపులో నాలుగు, ఎనిమిది గుణకారాలు చేస్తుంది. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతి బోర్డులో 1.5 గిగాహెర్ట్జ్ కోర్లు నాలుగున్నాయి. అంటే ఒక్కో కోర్‌కు సెకనుకు 150 కోట్ల అడుగులు. జి.729 కాల్స్‌ను పదుల సంఖ్యలో మార్చగల శక్తి అందులో ఉంది. మామూలు బడికి ఒక్కసారే పది కాల్స్ నడవడమే ఎక్కువ. కాబట్టి ఐపీ ఫోన్లు మాత్రమే వాడే బడికి, కోడెక్ కోసమని విడిగా డీఎస్పీ కార్డు కొనడం నా దృష్టిలో దండగ.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. కోడెక్ సాఫ్ట్‌వేర్ రెండు రకాలుగా రాస్తారు. పూర్ణాంకాలతో నడిచేది ఒకటి, దశాంశాలతో నడిచేది ఇంకొకటి. మరీ చవక రూటర్ చిప్‌లలో దశాంశాల లెక్క చేసే భాగమే ఉండదు. వాటి మీద దశాంశాల రకం ఎక్కిస్తే ప్రతి గుణకారాన్నీ దొంగదారిన చేయాల్సి వచ్చి ప్రాసెసర్ చతికిలబడుతుంది. ‘రూటర్‌లోనే ఎక్స్ఛేంజ్ కూడా ఉంది’ అని అమ్మే పెట్టెల్లో ఈ చిక్కు రావచ్చు.

కుదింపు నిజంగా అవసరమా?

8 కిలోబిట్లు ఎక్కడ, 64 ఎక్కడ అనిపిస్తుంది. కానీ గొంతు ఇంటర్నెట్‌లో ఊరికే పోదు, కవర్లలో పోతుంది. సాధారణంగా సెకనుకు 50 కవర్లు, ఒక్కో కవరులో 20 మిల్లీసెకన్ల గొంతు. ప్రతి కవరు మీదా 40 బైట్ల చిరునామా ఉంటుంది. జి.729లో లోపలి ఉత్తరం 20 బైట్లు, పైన చిరునామా 40. ఉత్తరం కన్నా చిరునామా రెండింతలు! మొత్తం 60 బైట్లు, సెకనుకు 24 కిలోబిట్లు. జి.711లో ఉత్తరం 160 బైట్లు, చిరునామా 40. మొత్తం 200 బైట్లు, 80 కిలోబిట్లు. ఎనిమిది రెట్లనుకున్న లాభం మూడు రెట్లకు దిగిపోయింది. పది కాల్స్‌కు జి.711 అడిగేది ఒక్కో దిశలో 800 కిలోబిట్లు. ఫైబర్ కనెక్షన్ ఉన్న బడికి అది లెక్కలోకే రాదు.

జి.729కు ఇంకో లోపం ఉంది. అది ఒక్క మనిషి నోటి కోసం గీసిన ఊహాచిత్రం. ముప్పై మంది పిల్లలు కలిసి పద్యం చదివితే ఆ ఆల్బంలో దానికి సరిపోయే ముఖం దొరకదు. ఏదో గుంపు గోల వినిపిస్తుంది. ప్రార్థన గీతమూ అంతే, హార్మోనియమూ అంతే. బడిలో దాన్ని వాడాల్సిన సందర్భం నాకు ఒక్కటే కనిపిస్తోంది. లైను నిజంగా సన్నదై, మొబైల్ డేటా మీద నెట్టుకొస్తున్నప్పుడు. అప్పుడు కూడా ఓపస్ అనే మెరుగైన దారి ఉంది, దాని సంగతి తర్వాత.

మార్పిడి ఎక్కడ జరుగుతుంది?

బడిలో ఇరవై ఐపీ ఫోన్లు, బయటికి ఎనిమిది లైన్లు ఉన్నాయనుకుందాం. ఫోన్లన్నీ జి.711 ఏ-లా, టెలికాం సంస్థ ఇచ్చే లైనూ అదే. అప్పుడు గొంతును అంకెలుగా మార్చే పని ఏ ఫోన్ పని ఆ ఫోన్‌దే. మధ్యలోని పెట్టె కవరును ఇటు తీసుకుని అటు అందించే పోస్ట్‌మ్యాన్ మాత్రమే. కవరు విప్పదు. సెకనుకు కాల్‌కు వంద కవర్లు లోపలికి, వంద బయటికి. ఎనిమిది కాల్స్‌కు 800, 800. అతి చిన్న బోర్డుకైనా ఇది ఆటలాంటిది. మార్పిడుల సంఖ్య సున్నా.

ఇప్పుడు నాలుగు పాత ఫోన్లు జి.729 మాత్రమే తెలిసినవి కలిశాయనుకోండి. ఆ నాలుగూ మాట్లాడుతున్నప్పుడు నాలుగు మార్పిడులు. మాస్టార్లు తమ మొబైల్ యాప్‌లో ఓపస్‌తో చేరితే, యాప్ నుంచి బయటి లైనుకు వెళ్లే ప్రతి కాల్‌కూ ఒక మార్పిడి. చాలాసార్లు ఈ మార్పిడులు ఎవరూ కోరి పెట్టుకున్నవి కావు. ఫోన్ల సెట్టింగుల్లో కోడెక్‌ల వరుస ఒకలా, లైనులో ఇంకోలా ఉండిపోవడం వల్ల వచ్చినవి. ఆ వరుస సరిచేయడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల పని చేయకుండా, రెండింతల ప్రాసెసర్ అమ్మేవాళ్లున్నారు.

కాల్స్ సంభాషణలు రికార్డు చేయాలంటే కవరు విప్పక తప్పదు. జి.711లో గంట రికార్డుకు ఒక్కో వైపు సుమారు 29 మెగాబైట్లు. ఇక్కడ అరిగేది ప్రాసెసర్ కాదు, చిన్న బోర్డుల్లో పెట్టే మెమరీ కార్డు. అదేపనిగా రాస్తుంటే అది ముందుగా చస్తుంది. ఎస్‌ఎస్‌డీ పెట్టమనండి.

పాత ఫోన్లు ఉంచుకుంటే కథ మారుతుంది

క్లాసు గదుల్లో రెండు తీగల పాత ఫోన్లు బాగానే పనిచేస్తున్నాయి, వాటినే ఉంచుకుందాం అనే బడులున్నాయి. మంచి ఆలోచనే. వాటిని ఇంటర్నెట్ లైనుకు కలపడానికి గేట్‌వే అనే పెట్టె కావాలి. అసలైన బరువు అక్కడుంది. పాత ఫోన్‌లో పోయే గొంతూ వచ్చే గొంతూ ఒకే జత తీగల మీద నడుస్తాయి కాబట్టి, కొంత వెనక్కి తిరిగి ప్రతిధ్వనిగా వస్తుంది. దాన్ని తుడిచే పని ప్రతి లైనుకూ విడిగా, ఆగకుండా జరగాలి.

లెక్క వేద్దాం. 128 మిల్లీసెకన్ల ప్రతిధ్వనిని తుడవాలంటే, సెకనుకు 8,000 కొలతల చొప్పున 1,024 పాత కొలతలను గుర్తుంచుకోవాలి. కొత్తగా వచ్చే ప్రతి కొలతకూ ప్రతిధ్వనిని అంచనా వేయడానికి 1,024 గుణకారాలు, ఆ అంచనాను దిద్దుకోవడానికి మరో 1,024. సెకనుకు 8,000 సార్లు. అంటే ఒక్క లైనుకు కోటీ 60 లక్షల గుణకారాలకు పైనే. జి.729ఏ కోడెక్ కన్నా ఇదే బరువు! డీఎస్పీ ఉన్న గేట్‌వే కొనమని నేను చెప్పేది ఈ ఒక్క చోటే. ఎన్ని మిల్లీసెకన్ల ప్రతిధ్వనిని తుడుస్తుందో, అదీ అన్ని పోర్టులూ ఒకేసారి వాడుతున్నప్పుడు కూడా తుడుస్తుందో లేదో కాగితం మీద రాయించుకోండి.

నాలుగు బడులకు ఒకే పాఠం

తెలుగు పీరియడ్‌ను నాలుగు బడులు పంచుకుంటున్నాయనుకోండి. మాస్టారితో కలిపి ఐదు చివరలు. కాన్ఫరెన్స్ పెట్టె ఐదు గొంతులనూ విప్పాలి, కలపాలి, మళ్లీ కుదించి పంపాలి. ఎవరి గొంతు వాళ్లకే తిరిగి వినిపించకూడదు కాబట్టి ఐదుగురికీ ఐదు వేర్వేరు మిశ్రమాలు తయారు చేయాలి. ఐదు విప్పడాలు, ఐదు కుదింపులు, సెకనుకు యాభై సార్లు. కుదించడమే బరువని ముందు చెప్పుకున్నాం కదా. బడుల బదులు పిల్లలే ఇళ్ల నుంచి నలభై మంది చేరితే మాస్టారితో కలిపి ఆ ఐదు నలభై ఒకటి అవుతుంది. మంచి సాఫ్ట్‌వేర్ అయితే మౌనంగా వింటున్న వాళ్లందరికీ ఒకే మిశ్రమాన్ని ఒక్కసారి కుదించి పంచుతుంది. మామూలుది నలభై సార్లూ కుదిస్తుంది. ప్రాసెసర్ పెంచే ముందు ఈ సంగతి అడగాలి. పిల్లల మైకులు మూసి ఉంచడం క్రమశిక్షణకే కాదు, ప్రాసెసర్‌కూ మంచిదే.

ఇంకో మాట. గొంతు పని బరువైన పని కాదు, వేళ తప్పకూడని పని. పెళ్లి పంక్తిలో సాంబారు వడ్డించేవాడు ఎంత బలమైనవాడన్నది కాదు, మన ఆకు దగ్గరికి వేళకు వచ్చాడా అన్నది ముఖ్యం. పెరుగన్నంలోకి దిగాక సాంబారు తెస్తే ఏం లాభం? ప్రతి 20 మిల్లీసెకన్లకూ కవరు బయల్దేరాలి. నోటి నుంచి చెవి దాకా 150 మిల్లీసెకన్లలోపు చేరితే సంభాషణ సాఫీగా ఉంటుందని అంతర్జాతీయ టెలికాం సంఘం చెప్పిన కొలత. ప్రాసెసర్ సగటున 30 శాతమే వాడుతోందని చూపించి ‘ఇంకా 70 శాతం ఖాళీ’ అంటారు. మధ్యలో ఒక్క అర సెకను బ్యాకప్ పని అడ్డొచ్చినా, సగటులో అది కనిపించదు. చెవికి మాత్రం మాట తెగుతుంది. అందుకే అదే కంప్యూటర్ మీద ఫీజుల లెక్కలు, సీసీటీవీ రికార్డింగ్ పెట్టొద్దు. అద్దెకు తీసుకునే చవక క్లౌడ్ యంత్రాలకూ ఈ బెడద ఉంది. పక్క అద్దెదారు హడావుడి చేస్తే మన సాంబారు ఆలస్యమవుతుంది.

స, శ ఎక్కడ పోతున్నాయి?

ప్రాసెసర్ మీద మిగిల్చిన డబ్బు ఎక్కడ పెట్టాలో ఇప్పుడు చెబుతాను. జి.711 అయినా, జి.729 అయినా సెకనుకు 8,000 సార్లే కొలుస్తాయి. దాని వల్ల ఫోన్‌లో సుమారు 3,400 హెర్ట్జ్ దాకానే గొంతు పోతుంది, ఆపైన కోత. మన ‘స’ ధ్వని బలమంతా చాలావరకు 4,000 హెర్ట్జ్ పైనే ఉంటుంది. ఆడవాళ్ల గొంతులో, పిల్లల గొంతులో ఇంకా పైన. ‘శ’ కాస్త కింద మొదలవుతుంది కాబట్టి సగమైనా దాటుకుని వస్తుంది. ఫోన్‌లో ఇంటిపేరు స్పెల్లింగ్ చెబుతుంటే ‘ఎస్సా, ఎఫ్ఫా’ అని అడగడం అందరికీ అనుభవమే. పెద్దవాళ్లం సందర్భాన్ని బట్టి మాటను పోల్చుకుంటాం. ఆ మాటనే మొదటిసారి వింటున్న పిల్లవాడికి పోల్చుకోవడానికి ఏముంటుంది?

దీనికి విరుగుడు పాతదే. జి.722 అనే కోడెక్ 1988 నుంచీ ఉంది. సెకనుకు 16,000 సార్లు కొలిచి 7,000 హెర్ట్జ్ దాకా పంపుతుంది. విచిత్రం ఏమిటంటే దానికీ అదే 64 కిలోబిట్లు చాలు, ప్రాసెసర్ పని కూడా కొద్దిగానే. ఇప్పుడొచ్చే ఐపీ ఫోన్లలో చాలావాటిలో అది ఉంటుంది, సెట్టింగుల్లో మొదటి వరుసలో మాత్రం ఉండదు. 2012లో వచ్చిన ఓపస్ ఇంకా మేలు. 6 నుంచి 510 కిలోబిట్ల దాకా ఎక్కడైనా సర్దుకుంటుంది. మాటకూ పాటకూ రెండింటికీ పనికొస్తుంది. రాయల్టీ రుసుము లేదు. ప్రాసెసర్ చిన్నదైతే 0 నుంచి 10 దాకా ఉన్న మెట్లలో కింది మెట్టు మీద నడపవచ్చు. పిల్లల సామూహిక పద్యపఠనం సన్నటి లైను మీద వినగలిగేది దీనితోనే.

ఒక్క చిక్కు. దారిలో ఎక్కడైనా ఒక్క ముక్క ఇరుకుగా ఉంటే మొత్తం ఇరుకే. మాస్టారు తన మొబైల్ నుంచి బడి నంబరుకు మామూలు కాల్ చేసి, ఆ కాల్ జి.711 లైను గుండా వస్తే, కోసేసిన ‘స’ను ఎంత పెద్ద ప్రాసెసరూ తిరిగి అతికించలేదు. పాఠానికి మాస్టారు యాప్‌తోనో, ఐపీ ఫోన్‌తోనో నేరుగా ఇంటర్నెట్ మీదే చేరాలి. బయటి లైను తల్లిదండ్రుల ఫోన్లకు ఉంచుకోండి. దాన్ని లైసెన్సున్న టెలికాం సంస్థ నుంచే తీసుకోండి.

సంతకానికి ముందు

ఇరవై ముప్పై ఫోన్ల బడికి నా లెక్క ఇది. నాలుగు కోర్ల ఆర్మ్ బోర్డు గానీ, ఫ్యాన్ లేని చిన్న కంప్యూటర్ గానీ చాలు. బోర్డు పది వాట్లలోపే తింటుంది, కరెంటు పోయినా చిన్న యూపీఎస్ మీద గంటలు నడుస్తుంది. మూలనున్న పాత డెస్క్‌టాప్‌ను వాడదామంటే కాదనను గానీ, దాని కరెంటు బిల్లు ఏడాది తిరిగేసరికి బోర్డు ఖరీదును గుర్తుచేస్తుంది. ఫోన్లకు కరెంటిచ్చే స్విచ్ కూడా యూపీఎస్ మీదే ఉండాలని మరిచిపోవద్దు. సంభాషణ గోప్యంగా ఉండాలని ఎన్‌క్రిప్షన్ పెట్టుకునేవాళ్లు ఒకటి గమనించండి. రాస్ప్‌బెర్రీ పై 4లో దానికి ప్రత్యేక ఆదేశాలు లేవు, 2023లో వచ్చిన పై 5లో ఉన్నాయి. పది కాల్స్‌కు రెండూ సరిపోతాయి.

అమ్మేవాళ్లను ఊరికే అడగడం కన్నా చూపించమనడం మేలు. ఇలాంటి పెట్టెల్లో చాలావరకు నడిచేది ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో ‘కోర్ షో ట్రాన్స్‌లేషన్’ అన్న ఆదేశం ఇస్తే, ఏ కోడెక్ నుంచి ఏ కోడెక్‌కు మార్చడానికి ఎంత ఖర్చవుతుందో పట్టికలా వస్తుంది. మీ పెట్టె మీద, మీ ముందే వేయించండి. తర్వాత అన్ని లైన్లూ ఒకేసారి మాట్లాడిస్తూ పావుగంట నడిపించండి. ఆ పావుగంటలో ప్రాసెసర్ సగానికి మించి వాడకంలో ఉంటే పెద్దది అడగండి. పదో వంతు కూడా దాటకపోతే చిన్నది అడగండి.

చివరి వాయిదా చెల్లించే ముందు పిల్లలతో ఓ డిక్టేషన్ పెట్టండి. సకలం, శకలం. సరం, శరం. కోసం, కోశం. ఇలాంటి జంటలు ఓ ఇరవై తీసుకుని, వరుస కలిపేసి, మొదట మాస్టారు అదే గదిలో నిలబడి చదవాలి. మర్నాడు అవే మాటలు ఇంకో వరుసలో లైను మీద చదవాలి. రెండు కాగితాల్లోని తప్పులను పక్కపక్కన పెట్టి లెక్కపెట్టండి. లైను కాగితంలో తప్పులు బాగా పెరిగితే, ప్రాసెసర్ మార్చమని అడగొద్దు. ఫోన్లలో ఏ కోడెక్ మొదటి వరుసలో ఉందో చూసి, జి.722నో ఓపస్‌నో పైకి తెప్పించి, అదే డిక్టేషన్ మళ్లీ పెట్టించండి.